పదకొండు మందికి అన్నయ్య

ఆ ఏడు మృగశిర కార్తె ఇంకా రాకముందే లోడింగు మొదలైంది. రెండువేల మూడు. కడియపులంక నుంచి రోజుకి పదేసి లారీలు మొక్కలు నింపుకుని బయలుదేరేవి. ఎక్కడ వాన పడబోతోందో అక్కడికి మా మొక్క ముందే చేరాలి. నేను ఒక నర్సరీలో లోడింగు మేస్త్రిని. నా కింద ఆడవాళ్ళు ఇరవై ఇద్దరు, మగవాళ్ళు ఎనిమిది మంది. ఆడవాళ్ళు నల్ల కవర్లలో మట్టి నింపుతారు, మొక్కలు మోసుకొచ్చి లారీ పక్కన దించుతారు. మగవాళ్ళు వాటిని లారీలో వరసలుగా పేర్చి, అదే లారీ ఎక్కి వెళ్ళిపోతారు. దారిలో మొక్కలకి నీళ్ళు కొట్టే మనిషి ఉండాలి. తుని దాటాక మొదటి తడి, ఆ తర్వాత ఆగిన చోటల్లా ఒకటి. వెళ్ళినవాడు తిరిగి రావడానికి వారం పట్టొచ్చు, పదిహేను రోజులు పట్టొచ్చు.

అందుకని సీజనులో మా పేటలో సగం ఇళ్ళకి మగదిక్కు ఉండదు. ఆ ఇళ్ళన్నిటికీ మేస్త్రే పెద్ద. పిల్లని బళ్ళో వేయాలంటే నా సంతకం. రేషను కార్డులో పేరు ఎక్కాలంటే నా సంతకం. నేను నాలుగో తరగతితో బడి మానేశాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అసలు రాదు. సంతకం మాత్రం గొలుసుకట్టుగా, చివర తోక తిప్పి పెడతాను. ఈ లోకానికి మనిషి దగ్గర కావలసింది ఆ సంతకమే.

ఆసుపత్రి కాగితాల మీద కూడా నా సంతకమే. మా ఆడవాళ్ళలో ఎవరికైనా నెలసరి ఆగకుండా అయి నడుం పడిపోతే, మా ఊరి ఆర్.ఎం.పి. భాస్కరం గారు చూసి రాజమండ్రిలో ఒక నర్సింగ్‌హోముకి పంపేవాడు. అక్కడ స్కానింగు, మర్నాడే పెద్దాపరేషను. పెద్దాపరేషనంటే గర్భసంచి తీసేయడం. మొగుడు లారీ మీద ఎక్కడో ఉంటాడు కాబట్టి తోడు నేను వెళ్ళేవాణ్ణి. కౌంటరులో గుమస్తా ఒక కాగితం తోసేవాడు. మొదటిసారి "ఏమవుతావు?" అని అడిగితే "మేస్త్రినండి" అన్నాను. "మేస్త్రి అంటే చెల్లదు, అన్న అని రాస్తున్నా" అన్నాడు. సరేనండి అన్నాను. ఆ తర్వాత అతను అడగలేదు, నేను చెప్పలేదు. మూడేళ్ళలో పదకొండు మందికి అన్నయ్యనయ్యాను.

ఆ సంతకాలు చెడ్డ మనసుతో పెట్టలేదని రాసుకుంటే ఇక్కడితో సరిపోతుంది. కాని అసలు మాట ఇంకొకటుంది. నెలకి నాలుగు రోజులు రాని మనిషి ఇకమీదట ముప్ఫై రోజులూ పనికొస్తుందని నాకు లోపల్లోపల ఒక ఆలోచన ఉండేది. మేస్త్రి ఆలోచన.

ఆ సీజనులో వంతు నా భార్య మరిడమ్మకి వచ్చింది.

*

మూడు వారాలుగా మరిడమ్మకి రక్తం ఆగలేదు. కవర్లు నింపుతూ నింపుతూ మట్టి కుప్ప మీదే ఒరిగిపోయింది. భాస్కరం గారు చూశాడు, స్కానింగు తీయించాడు, రెండో రోజు తనే మోటారు సైకిలు మీద నర్సరీకి వచ్చాడు. ఆయన డాక్టరు కాడు. ఎవరో డాక్టరు దగ్గర ఆరేళ్ళు సంచీ మోశాడు. అయినా మా ఊళ్ళో ఆయన్ని డాక్టరుగారూ అనని మనిషి లేడు, నాతో సహా.

"బుల్లబ్బాయ్, గర్భసంచిలో గడ్డ ఉందిరా" అన్నాడు బండి దిగకుండానే. "ఉంచితే క్యాన్సరులోకి తిరుగుద్ది. అయినా ఆ సంచి ఇంక దేనికి? ఇద్దరు పిల్లలు పుట్టారు, ఎదిగారు. తీయించి పారేస్తే పీడా పోద్ది. గురువారానికి నర్సింగ్‌హోము డాక్టరమ్మగారితో మాట్లాడేశాను."

నేను సరేనండి అనబోయాను. మట్టి కుప్ప మీంచి మరిడమ్మ అడిగింది.

"మా అచ్చాయమ్మకి తీసేశారు కదండి. మరి దానికి పీడ పోలేదేంటండి?"

అచ్చాయమ్మ మరిడమ్మకి చెల్లెలు. రెండేళ్ళ కిందట, ఇరవై ఎనిమిదో ఏట దానికి పెద్దాపరేషను అయింది. అప్పట్నుంచి ఒంట్లో ఆవిర్లు, నడుంనొప్పి. పాతిక కవర్ల గంప ఎత్తేది, పది కవర్లకి దిగింది.

భాస్కరం గారు నవ్వాడు. "నీ చెల్లెలికి ఒళ్ళు బరువు. పని తప్పించుకోడానికి నడుం అంటది."

"అది నా పక్కన కూచుని పనిచేస్తదండి" అంది మరిడమ్మ. "మీ పక్కన కాదు."

ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నం దగ్గర ఆ మాటే ఎత్తాను.

"డాక్టరుగారితో అలాగేనా మాట్లాడేది? గురువారానికి నర్సరీ ఆసామి జీపు కూడా ఇస్తానన్నారు."

"ఇస్తే నువ్వెక్కి ఊరేగు మావా. నేను రూతమ్మని అడిగి చేస్తాను ఏం చేసినా."

"నర్సమ్మకేం తెలుసు?"

"ఏం తెలీకపోతే తెలీదని చెప్తది. అదొక్కటే చాలు నాకు."

రూతు మా సబ్‌సెంటరు నర్సు. ఆ నెల్లో ఆవిడ వెంట ఫణిశ్రీ అని ఒక చిన్న డాక్టరు తిరుగుతుండేది. కాకినాడలో పెద్ద చదువు చదువుతోంది. ఏ ఊళ్ళో ఏ జబ్బు ఎంతమందికుందో, ఎందుకుందో తేల్చే చదువంట. గురువారం పొద్దున్న ఆసామి జీపు వచ్చేసరికి మరిడమ్మ ఇంట్లో లేదు. బస్టాపులో రూతమ్మనీ ఆ అమ్మాయినీ చెరో పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. నిలబడలేక నిలబడి ఉంది. తిట్టుకుంటూ నేనూ ఆ బస్సే ఎక్కాను.

కాకినాడ పెద్దాసుపత్రిలో ఒక పెద్ద మేడమ్ స్కానింగు మళ్ళీ తీయించి, మరిడమ్మని కూచోబెట్టి చెప్పింది. నాకు కాదు, మరిడమ్మకి.

"ఇది క్యాన్సరు కాదమ్మా. ఫైబ్రాయిడ్ అంటారు. గర్భసంచి గోడలో కండ పెరిగి గడ్డ కడుతుంది. చాలామంది ఆడవాళ్ళకి ఉంటుంది, సగం మందికి ఉన్నట్టే తెలీదు. నీది నిమ్మకాయంత. ఇప్పుడు గర్భసంచి తీయాల్సిన పని లేదు. ముందు రక్తం పట్టాలి నీకు. పన్నెండుండాల్సింది ఆరుంది. రక్తస్రావానికి మందులు వాడదాం. తగ్గకపోతే గడ్డ ఒక్కటీ తీసే దారి ఉంది." తర్వాత నా వైపు తిరిగింది. "ఆరు రక్తంతో ఇవాళ బల్ల మీద పడుకోబెడదామన్నది ఎవరు?"

నేను ఫ్యాను వైపు చూశాను.

తిరుగు బస్సులో ఫణిశ్రీ అడిగింది. "మీ ఊళ్ళో ఇలా తీయించుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారండి?"

"ఓ పదిమంది ఉంటారమ్మా" అన్నాను.

"ఆయనకేం తెలుసండి?" అంది మరిడమ్మ కళ్ళు మూసుకునే. "మా కవర్ల కుప్ప దగ్గరే పద్నాలుగు మంది. నన్ను పదిహేనోదాన్ని చేద్దామని జీపు తెచ్చాడు."

*

లెక్క తీద్దామన్నది ఫణిశ్రీ కాదు, మరిడమ్మే. ఆ చిన్న డాక్టరుకి ప్రశ్నలు రాసిన ఫారాలు ఉన్నాయి, ఇల్లిల్లూ చూపించే మనిషి లేదు. మరిడమ్మకి ఇళ్ళన్నీ తెలుసు, చదువు లేదు. ఇద్దరికీ కుదిరింది. సాయంత్రం పని దిగాక, మొక్కల నీడకి కట్టిన షేడ్‌నెట్ కింద ఆడవాళ్ళు చేరేవాళ్ళు. నేను పక్కనే లారీకి తాళ్ళు బిగించుకుంటూ అన్నీ వినేవాణ్ణి.

"ఏవమ్మా చిన్న డాక్టరమ్మా, మా సంచుల కబుర్లు రాసుకుంటే నువ్వు పరీక్ష పాసైపోతావు. మాకొచ్చేదేంటి?" అని అడిగింది సంపూర్ణమ్మ. అందరిలోకీ పెద్దది. దాని నోటికి ఆసామి కూడా జడుస్తాడు.

"నేను పాసవుతాను పెద్దమ్మగారూ, అది నిజమే" అంది ఫణిశ్రీ. "కాని ఈ లెక్క కాపీ ఒకటి మీ దగ్గరుంటుంది. ఒట్టి చేతులతో వెళ్ళి చెప్పుకుంటే ఏడుస్తున్నారంటారు. ఇది పట్టుకుని వెళ్తే కూచోమంటారు."

"కుర్చీ వేస్తారా?"

"వేయించుకుందాం."

"అయితే రాయి. నా సంచి పోయి రెండేళ్ళు. అడిగితే చెత్తబుట్టలో వేశామన్నారు. పెళ్ళిలో అత్తారు పెట్టిన వస్తువైతే అలా వేయనిచ్చేదాన్నేంటి?"

నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఒక్కొక్కర్తీ చెప్పడం మొదలుపెట్టింది. నెలసరి నొప్పి అని వెళ్ళినవాళ్ళు. తెల్లబట్ట అని వెళ్ళినవాళ్ళు. ఒకావిడ అయితే కడుపులో మంట అని వెళ్ళింది. అందరికీ ఒకటే మాట చెప్పారు, క్యాన్సరు అవుద్దని.

లెక్కకి మా పద్ధతే వాడారు. లారీకి మొక్కలు లెక్కపెట్టేటప్పుడు నూటికి ఒక ఖాళీ కవరు పక్కన పడేస్తాం, చివర్లో కవర్లు లెక్కపెట్టుకుంటాం. ఇక్కడ ఆపరేషనైన ఆడమనిషికి ఒక కవరు. ఆ కవర్లు లెక్కపెట్టే పని అచ్చాయమ్మది. మా వైపు ఏది కొలిచినా ఒకటి అనరు, మొదటిదానికి లాభం అంటారు, తర్వాతే రెండూ మూడూ. అలవాటు కొద్దీ అచ్చాయమ్మ మొదటి కవరు ఎత్తి "లాభం" అంది. అని ఆగిపోయింది. ఆ కవరు మళ్ళీ కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, "ఒకటి" అంది.

మూడు పేటలకి అరవై మూడు కవర్లు తేలాయి. నలభై ఒక్కమందికి ముప్ఫై ఐదేళ్ళు నిండలేదు.

*

కాగితాలు దగ్గరున్నవాళ్ళు తొమ్మండుగురు. మిగతావాళ్ళకి ఇవ్వలేదు, లేకపోతే వానకి పోయాయి. ఆ తొమ్మిదిలో అచ్చాయమ్మది ఒకటి. మొక్కల కవరులోనే చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది. ఫణిశ్రీ ఇంగ్లీషులో చూసి తెలుగులో చదువుతోంది. వయసు, తేదీ, డాక్టరు రాసింది. కాగితం కింది దాకా వచ్చాక అడిగింది.

"మీ అన్నయ్యగారు ఊళ్ళోనే ఉంటారా? ఒకసారి ఆయనతో కూడా మాట్లాడాలి."

"నాకు అన్నలెక్కడున్నారండి?" అంది అచ్చాయమ్మ. "మా అమ్మకి మేమిద్దరం ఆడపిల్లలమే."

"ఆపరేషనుకి ఒప్పుకుంటూ మీ సోదరుడు సంతకం పెట్టినట్టుంది ఇక్కడ."

సంపూర్ణమ్మ తన కాగితం ముందుకి తోసింది. "నాది చూడమ్మా, నాదాన్లో ఎవరున్నారో."

"సోదరుడనే ఉందండి."

"మా అన్న తొంభయ్యారు తుపానులో పోయాడు. ఆపరేషనుకి ఐదేళ్ళ ముందు."

ఫణిశ్రీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "ఒకే చేతి సంతకంలా ఉంది" అంది. ఆ గొలుసుకట్టు ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కాగితం చేతులు మారుతూ మరిడమ్మ దగ్గరికి వచ్చింది. మరిడమ్మకి అక్షరం రాదు. కాని ఆ తిప్పిన తోకని పదిహేనేళ్ళుగా మా ఇంటి ప్రతి కాగితం మీదా చూస్తోంది.

చాలాసేపు చూసింది. నేను లారీ పక్కన తాడు పట్టుకుని ఉన్నాను, పది అడుగుల దూరంలో. నా వైపు తల తిప్పలేదు.

"ఎవరో కనుక్కుందాంలెండి" అంది. కాగితం మడిచి చెల్లెలికి ఇచ్చేసింది.

ఆ వారమంతా ఇంట్లో నాకు వేళకి అన్నం పెట్టింది. ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే నేను ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండేవాణ్ణి. అది తనకీ తెలుసు.

భాస్కరం గారికి సంగతి చేరింది. కాలవ గట్టు మీద నన్ను ఆపాడు.

"నీ పెళ్ళాం లెక్కలు తీస్తోందంటగా. ఆపించు."

"నా మాట వినదండి."

"వినేలా చెప్పు. ఆ కాగితాల మీద నా పేరెక్కడా లేదు. డాక్టరమ్మగారు ఒప్పుకోలు కాగితం చూసే చేశారు. మరి ఒప్పుకున్నది ఎవర్రా? నువ్వు. అన్నవి కాకపోయినా అన్నని అని రాయించావు. అల్లరైతే ముందు జైల్లో కూచునేది నువ్వే. ఆలోచించుకో."

మూడేళ్ళలో ఆయన నాతో ఉన్నదున్నట్టు మాట్లాడింది అదొక్కసారే.

*

అచ్చాయమ్మ మొగుడు రాముడు ఆ ఆదివారం రాయపూరు లోడు దించి వచ్చాడు. ఇద్దర్నీ మా ఇంటికి భోజనానికి పిలిచింది మరిడమ్మ. ఎందుకు పిలిచిందో నాకు విస్తరి ముందు కూచునేదాకా తెలియలేదు.

"ఏం రాముడూ" అంది పులుసు వడ్డిస్తూ. "చెల్లి ఆపరేషనుకి నువ్వు ఫోన్‌లో ఒప్పుకున్నావంట కదా, నిజమేనా?"

రాముడు ముద్ద ఆపాడు. "నాకెవరు ఫోన్ చేశారు? దిగి వచ్చేసరికి మంచం మీద ఉంది. తనంతట తనే తీయించేసుకుందని చెప్పారు నాకు."

"ఎవరు చెప్పారు?" అంది అచ్చాయమ్మ. "రాయపూరులో మొక్కలు కొన్న పార్టీ ఆఫీసుకి ఫోన్ చేశాం, మీ ఆయన సరేనన్నాడని ఆసుపత్రిలో నాతో అన్నారు. అందుకే కదా నోరు మూసుకుని బల్లెక్కాను."

"నేను సరేనంటానా? ఇంకో పిల్ల కావాలని నీకంటే ఎక్కువ ఏడిచింది నేను కాదూ?"

"మరి రెండేళ్ళు నన్నెందుకు అడగలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?"

రెండేళ్ళు ఒక పెంకుటింట్లో ఒకరి మీద ఒకరు ఆ కోపం దాచుకుని బతికారు. నేను పులుసన్నం కలుపుతూ కూచున్నాను. కలిపిందే కలుపుతున్నాను.

"తిను మావా" అంది మరిడమ్మ. "నీకెందుకు ఈ గొడవ? నువ్వు దానికి బావవి. అన్నవేం కాదుగా."

మర్నాడు పొద్దున్న షేడ్‌నెట్ కింద ఫారాలు సరిచూసుకుంటున్నారు, ఆఖరి రోజని. నేను లారీ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళి ఆడవాళ్ళ వరసలో నేల మీద కూచున్నాను.

"ఇవి ఆడవాళ్ళవే రాస్తున్నామండి మేస్త్రిగారూ" అంది ఫణిశ్రీ.

"సంతకం ఎవరు పెట్టారని ఒక గడి ఉంది కదమ్మా అందులో."

"ఉందండి. తెలీదు అని రాశాం చాలావాటికి."

"అవి ఇలా ఇవ్వండి. పదకొండున్నాయి. పేర్లు నేను చెప్తాను."

మొదటి పేరు చెప్పాను. ఆ అమ్మాయి ఫారం వెతికి ఇచ్చింది. జేబులో పెన్ను తీసి ఆ గడిలో రాశాను. సంతకం కాదు, విడివిడి అక్షరాలు, ఎవరైనా చదవగలిగేటట్టు. బుల్లబ్బాయి, లోడింగు మేస్త్రి. రెండోది సంపూర్ణమ్మది. నాలుగోది అచ్చాయమ్మది.

రూతమ్మ మెల్లిగా అంది. "ఇవి పై ఆఫీసులకి వెళ్ళే కాగితాలు బుల్లబ్బాయిగారూ. రాసేముందు ఒకసారి ఆలోచించుకోండి."

"సంతకం పెట్టేముందు ఆలోచించుకోమని నాతో ఇన్నేళ్ళలో మీరే మొదట అన్నారమ్మా" అన్నాను. "ఎవడో ఒకడు ముందే అనుంటే బాగుండేది."

పదకొండూ నింపాను. లేచాక అచ్చాయమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. కొడితే కూడా పడేవాణ్ణి.

"లారీ లోడవ్వలేదండి మేస్త్రిగారూ" అంది. "వెళ్ళండి."

పదిహేనేళ్ళు నన్ను బావా అని పిలిచిన మనిషి.

*

ప్రతి సోమవారం కాకినాడలో కలెక్టరు ఆఫీసులో జనం మొర వింటారు. ఆ పై సోమవారం ముప్ఫై నలుగురు ఆడవాళ్ళు రెండు లారీల్లో వెళ్ళారు. మొక్కల లారీలే. రాముడు ఆసామిని అడక్కుండా తాళం తీశాడు. నన్ను ఎవరూ పిలవలేదు. నేను వెనక తలుపు పట్టుకుని ఎక్కాను, ఎవరూ దించలేదు.

లోపల బల్ల వెనక ఒక ఆఫీసరు ఫారాల కట్ట తిరగేశాడు. నిజంగానే తిరగేశాడు, ఒక్కొక్కటీ.

"ఫిర్యాదు ఎవరి మీదమ్మా?"

"మొదట మా ఆయన మీద రాసుకోండి" అంది మరిడమ్మ. "అదుగో, ఆ గళ్ళ చొక్కా. తర్వాత డాక్టరు కాని మా డాక్టరు మీద. ఆ తర్వాత ఆ నర్సింగ్‌హోము మీద. ముగ్గుర్నీ రాయండి. ఒక్కర్ని రాసి ఇద్దర్ని వదిలితే మాత్రం మేం కదలం."

ఆయన నా వైపు చూశాడు. "నిజమేనా?"

"నిజమేనండి."

"మీకేం కావాలి?"

మరిడమ్మ కాగితం చూసుకోలేదు. కాగితం చూసినా చదవలేదు. "గర్భసంచి తీయాలని ఎవరన్నా అంటే, ముందు గవర్నమెంటు ఆసుపత్రిలో రెండోసారి చూడాలి. ఒప్పుకోలు కాగితం తెలుగులో ఉండాలి, ఎవర్ని కోస్తారో ఆవిడకే చదివి వినిపించాలి. పనయ్యాక ఆవిడ కాగితాలు ఆవిడ చేతికివ్వాలి. ఇంతేనండి."

"ఇంకేమన్నా ఉందా?"

"కుర్చీలు వేయించండి" అంది వెనక నుంచి సంపూర్ణమ్మ. "మాలో నడుంలు పోయినవాళ్ళే ఎక్కువ."

వేయించాడు.

ఏం జరిగిందని అడిగితే కథల్లో జరిగినట్టు జరగలేదు. నర్సింగ్‌హోము నెల రోజులు మూసి, గోడకి వేరే రంగు వేసుకుని తెరిచారు. భాస్కరం గారు ఇంకో ఊళ్ళో గది అద్దెకి తీసుకున్నాడు. విచారణకి నన్ను నాలుగుసార్లు పిలిచారు. నాలుగుసార్లూ ఒకటే చెప్పాను. చెప్పినప్పుడల్లా రాసుకున్నారు. జైలు మాట ఇంకా తేలలేదు, తేలితే వెళ్తాను. నర్సరీ ఆసామి నన్ను మేస్త్రి పని మాన్పించి కవర్లు నింపే పనిలో వేశాడు, ఆడవాళ్ళ పక్కన. అది శిక్ష అనుకున్నాడు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు మేస్త్రి రాముడు. నేను మేస్త్రిని కాకపోయినా అచ్చాయమ్మ నన్ను మేస్త్రిగారూ అనే పిలుస్తుంది.

కాని ఒకటి జరిగింది. ఆ సీజను అయ్యేలోపు భాస్కరం గారి తరవాత వచ్చినవాడు మా కుప్ప దగ్గరికి రెండుసార్లు వచ్చాడు, ఆపరేషనుకని ఇద్దరి పేర్లు చెప్పాడు. రెండుసార్లూ ఇరవై రెండు మందీ లేచి నిలబడ్డారు. "కాగితం చదువు" అన్నారు. అతని దగ్గర కాగితం లేదు. మళ్ళీ రాలేదు.

*

దసరా వెళ్ళాక మరిడమ్మకి మళ్ళీ మొదలైంది. మందులకి మూడు నెలలు ఆగింది, రక్తం పదికొచ్చింది, కాని గడ్డ పెరిగింది. కాకినాడ పెద్ద మేడమ్ గడ్డ ఒక్కటీ తీసేద్దామంది. గర్భసంచి ఉంచుతానంది. ఈసారి జీపు లేదు. బస్సులో వెళ్ళాం, అచ్చాయమ్మ తోడు వచ్చింది, నాతో మాట్లాడకుండా.

ఆపరేషను రోజు పొద్దున్న వార్డు బయట బల్ల దగ్గర నర్సు పేర్లు పిలుస్తోంది. మా వెనక జనం బారులు తీరి ఉన్నారు. మరిడమ్మ పేరు పిలిచి, తలెత్తకుండానే కాగితం నా వైపు చాపింది.

"భర్త మీరేనా? ఇక్కడ సంతకం."

నా చెయ్యి జేబు దాకా వెళ్ళింది. పదిహేనేళ్ళ అలవాటు. పెన్ను తీశాను. తీసి మరిడమ్మ ముందు బల్ల మీద పెట్టాను.

"ఆవిణ్ణి అడగండమ్మా. కోసేది ఆవిణ్ణి."

నర్సు మరిడమ్మ వైపు చూసింది. "చదువొచ్చా?"

"రాదండి. మీరు చదివితే వింటాను."

నర్సు గోడ గడియారం చూసింది, చదవడం మొదలుపెట్టింది. గబగబా చదివింది. చివరికి వచ్చేసరికి మరిడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ఆఖరి మాట మళ్ళీ చదవండి."

"గడ్డ తీసేటప్పుడు రక్తస్రావం ఆగకపోతే, ప్రాణం కాపాడటానికి గర్భసంచి తీయవలసి రావచ్చునని నాకు తెలియజేశారు."

"నాకెవరూ తెలియజేయలేదండి ఆ మాట."

"ఇప్పుడు చెప్తున్నాంగా అమ్మా."

"అలా జరగడం ఎంతమందికండి?"

నర్సు పెన్ను కింద పెట్టింది. లేచి లోపలికి వెళ్ళి పెద్ద మేడమ్‌నే తీసుకొచ్చింది. ఆవిడ గ్లవ్సు చేతులు పైకి పట్టుకునే వచ్చి చెప్పింది. చాలా తక్కువమందికి జరుగుతుందనీ, జరగదని మాత్రం రాసివ్వలేననీ. మరిడమ్మ ఆవిడ మొహంలోకి చూస్తూ వింది.

"అయితే అప్పుడు తీయండి. బతకాలి కదా" అంది. "కాని తీస్తే తీశామని లేవగానే నాకు చెప్పాలి. మా ఆయనకి కాదు, నాకు. ఎందుకు తీశారో ఆ కాగితంలో రాయాలి."

"రాస్తాను" అంది మేడమ్.

"ఇప్పుడే రాయండి, అలా రాస్తానని."

మేడమ్ నర్సుతో రాయించింది. నర్సు రాస్తోంది. మా వెనక బారు మెట్ల దాకా పెరిగింది. ఎవరో సణుగుతున్నారు. తెల్లచొక్కా ఆయనొకడు, చేతిలో ఫైలు పట్టుకుని, నా భుజం మీద తట్టాడు.

"ఏంటయ్యా ఇంతసేపు? నువ్వు ఒక సంతకం గీకేస్తే అయిపోయేదిగా."

నేను వెనక్కి తిరిగి చూశాను. అచ్చాయమ్మ కూడా నా వైపే చూస్తోంది.

"ఆగండి" అన్నాను. "ఆవిడకి చదివి వినిపిస్తున్నారు."